మా ఆయన మిగిల్చి వెళ్ళిన ఆజ్ఞ

తెల్లవారకముందే లేచి పొయ్యి అంటించడం, దాని పక్కన తువాలు వేలాడదీసి వెచ్చబెట్టడం నా పనిగా ఉండేది. మా ఆయన మఖ్లూఫ్ మా సఫేదు ఊరి కొండ దిగువన, సమాధుల పక్కనున్న ఊటగుంటలో శుద్ధి కోసం మునగడానికి వెళ్ళేవాడు. మంచు పడుతున్నా మానేవాడు కాదు. తిరిగొచ్చి, గడ్డం చివర నీళ్ళు కారుతుండగా గుమ్మంలో నిలబడి, "ఫ్రెహా, బతికే ఉన్నానా, ఒకసారి చూడు" అనేవాడు. వెచ్చటి తువాలు నెత్తిన కప్పి, పుదీనా టీ గ్లాసు చేతిలో పెట్టేదాన్ని. ఎన్ని మునకలు వేసినా ఆయన గోళ్ళ సందుల్లో సున్నం మాత్రం పోయేది కాదు.

ఇప్పుడు ఎండ గోడ మీదికి వచ్చాక గాని లేవడం లేదు. ఒక్క గ్లాసు టీ కోసం పొయ్యి అంటించడం దండగ అనిపిస్తుంది. పక్కింటివాళ్ళు పిలిచి ఇస్తే తాగుతాను, పిలవకపోతే లేదు.

మేమిద్దరం సముద్రానికి అవతల, ఎడారి అంచున, తఫిలాల్త్ పక్క ఊళ్ళవాళ్ళం. అక్కడ మా మామగారు గాడిదలకు జీనులు కుట్టేవాడు. మా ఆయనా అదే పని నేర్చాడు. పవిత్ర దేశానికని ఓడెక్కి వచ్చి దిగాక మమ్మల్ని లారీ ఎక్కించి చీకట్లో ఈ కొండ మీద దించారు. తెల్లారి తలుపు తీస్తే ఊరంతా తెల్లగా ఉంది. మంచు చూడటం మాకదే మొదలు. "ఇది పవిత్ర దేశమా, ఉప్పు కొట్టా?" అన్నాడాయన. ఇక్కడ గాడిదలు తక్కువ, ఉన్నవాటికి జీనులు వేసేవాళ్ళు ఇంకా తక్కువ. సున్నం పని నేర్చుకున్నాడు. సున్నంలో నీలం కలిపి గోడలకూ గుమ్మాలకూ పూసేవాడు. నిచ్చెన మీద ఉన్నంతసేపూ నోరు ఊరుకునేది కాదు. కీర్తనలు పాడేవాడు, అవి అయిపోతే గోడతోనే మాట్లాడేవాడు. "ఈ పగులు ఎప్పుడొచ్చింది నీకు తల్లీ, ఎవరికీ చెప్పలేదా?" అని పలకరించి మరీ పూసేవాడు.

మాకు ఒక్కడే కొడుకు, హనీనా. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టాడు. నిచ్చెన కింద మెట్టు పట్టుకుని "నాన్నా, నేనూ" అనే వయసు వచ్చింది. జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో పోయాడు.

మేము నేల మీద కూర్చుని ఏడు రోజుల దుఃఖం పాటిస్తుండగా మా యూదుల గురువు, మా వీధి ముసలి రబ్బీ వచ్చాడు. మా ఆయన అప్పటికి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. రబ్బీ ఆయన పక్కనే చతికిలబడి, భుజం మీద చెయ్యి వేశాడు.

"మఖ్లూఫ్, ఆత్మ ఒక్క రాకతో పని ముగించుకుని పోవడం అరుదురా. దేవుడిచ్చిన వాటిలో ఏదో ఒక ఆజ్ఞ మిగిలిపోద్ది. ఎక్కడో ఒక కుట్టు ఊడుద్ది. అది వేసుకోవడానికే మళ్ళీ పంపిస్తారు. కొట్టడానికి కాదు, బాగుచేసుకోడానికి. కొందరికి మిగిలింది పిసరంతే ఉంటది. వాళ్ళు అంతవరకే ఉండి వెళ్ళిపోతారు. నీ కొడుక్కి మిగిలింది అంతే అయ్యుంటది. వచ్చాడు, ఈ తల్లి పాలు తాగాడు, నీ చేతి కింద తల వంచి దీవెన తీసుకున్నాడు. అయిపోయింది. వాడిక రానక్కర్లేదు."

మా పెద్దలు దీన్ని దొర్లడం అంటారు. చక్రం దొర్లినట్టు ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి దొర్లుతుంది, తన పని తీరేదాకా.

ఆ మాట విన్నాక మా ఆయన లేచి ఇంత రొట్టె తిన్నాడు. నాకు మాత్రం ఆ మాటే గొంతుకు అడ్డం పడింది. పాలు తాగడానికే వచ్చాడా? అయితే నాతో వాడికున్న పని అంతేనా? రబ్బీని అడగలేదు. పెద్దాయన, మెట్లన్నీ ఎక్కి వచ్చాడు.

ఆనాటి నుంచి మా ఆయనకు ఒకటే పట్టుదల. "వాడిక్కడికి రాడు ఫ్రెహా. కాబట్టి నేనే అక్కడికి పోవాలి. నాది ఏ ఒక్కటి మిగిలినా నన్ను మళ్ళీ ఇక్కడే పడేస్తారు. వాడేమో అక్కడ గుమ్మం దగ్గర చూస్తుంటాడు" అనేవాడు. ఈ బతుకులోనే అన్ని ఆజ్ఞలూ తీర్చేసి, ఒక్కటీ బాకీ లేకుండా కొడుకు దగ్గరికి పోవాలి. అదీ ఆయన కోరిక.

ఆయనకు తోడు యామిన్ దొరికాడు. మా ప్రార్థన మందిరంలో దీపాలు వెలిగించేదీ, తలుపులు వేసేదీ అతనే. పుస్తకాలు తిరగేయడం అతనికి ఇష్టం, చేసి చూడటం మా ఆయనకు ఇష్టం. చేలో పంట కోసేటప్పుడు ఒక మూల పేదలకు వదలాలని ఆజ్ఞ. మాకు చేను ఎక్కడిది? డాబా మీద నూనె డబ్బాల్లో గోధుమలు చల్లి, పండాక ఒక మూల కోయకుండా వదిలాడు. పేదవాళ్ళెవరూ మా డాబా ఎక్కలేదు. పిచ్చుకలు తినిపోయాయి. మా ఆడబిడ్డ మస్‌ఊదా చూసి కడుపు పట్టుకుని నవ్వింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ పిచ్చుకలు మనకన్నా పేదవే లేరా, రాసుకో" అంది.

అలా ఒక్కొక్కటీ తీరుతూ వచ్చి, ఆయన చేతికందే వాటిలో చివరికి ఒకటే మిగిలింది. తల్లిపిట్ట ఆజ్ఞ.

దారిలో పిట్టగూడు కనిపిస్తే, గుడ్ల మీద కూర్చున్న తల్లిని ముందు పంపేసి, ఆ తర్వాతే గుడ్లు తీసుకోవాలి. పెంపుడు పిట్ట పనికిరాదు. గూడు ఎవరి సొంతమూ అయి ఉండకూడదు. తల్లి ఆ గూటి మీదే కూర్చుని ఉండాలి. చూరుల కిందే బతుకంతా గడిపిన మనిషికి గూళ్ళు కనిపించలేదా అంటే, కనిపించాయి. ఒకటి ఇంటివాళ్ళదయ్యేది, ఒకదాంట్లో పిల్లలు ఎగిరిపోయి ఉండేవి, ఒకదాంట్లో తల్లి ఉండేది కాదు.

"ఇంత చిన్న ఆజ్ఞకు అంత పెద్ద ఫలం ఎందుకో తెలుసా అమ్మా?" అన్నాడు యామిన్ ఒకనాడు మా ఇంట్లో టీ తాగుతూ. "తరిమేసిన తల్లి గూడు చుట్టూ తిరిగి ఏడుస్తది. ఆ ఏడుపు పైదాకా పోద్ది. పైన ఉన్నాయనకు తన పిల్లలు గుర్తొస్తారు, దేశదేశాలా చెదిరిపోయిన మనం. అప్పుడు దయ పుడుతుంది."

"పిట్ట ఏడుపు అంత దూరం పోద్దా యామిన్ అన్నా?"

"తిన్నగా పోద్దమ్మా."

"మరి మన వీధిలోంచి పోయిన ఏడుపులు ఏ మలుపులో ఆగిపోయాయో?"

మా ఆయన లేచి, అక్కర్లేకపోయినా, కిటికీ రెక్క మూశాడు.

ఒక వసంతంలో గూడు దొరికింది. మా సందు చివర పైకప్పు కూలిన ఇల్లు ఒకటుంది, దానికి యజమానులెవరూ లేరు. ఆ గోడ కంతలో పావురం పొదుగుతోంది. మర్నాడు ఎండెక్కాక, పనిలోకి పోకుండా, మా ఆయనా యామినూ నిచ్చెన మోసుకుపోయారు. మంత్రం చదివి, నిచ్చెనెక్కి, చేతులు చరిచాడు. పావురం లేచింది. రెండు గుడ్లూ అరచేతిలోకి తీసుకుని, అందరికీ కనిపించేలా ఎత్తి, మళ్ళీ గూట్లోనే పెట్టాడు. ఇంటికి వచ్చేటప్పటికి ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది. మస్‌ఊదా వదిన చిల్లుగారెల్లాంటి పిండివంట నూనెలో వేయించింది. వీధిలో వాళ్ళకు అత్తిపళ్ళ సారా పోశాడు.

"అయితే నీ పని అయిపోయినట్టే కదరా. కోడి కూర వండనా, శవానికి చుట్టే తెల్లగుడ్డ కుట్టనా?" అంది వదిన.

"రెండూ కానీ అక్కా. కూర ముందు."

నాలుగు రోజులకు యామిన్ వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు, లోపలికి రానంటాడు.

"ఏమైందిరా?" అన్నాడు మా ఆయన.

"ఒక చిన్న తప్పు జరిగింది మఖ్లూఫ్. మనం ఎండెక్కాక పోయాం గదా. పావురాల్లో పగలు పొదిగేది తండ్రంట. సాయంత్రం నుంచి తెల్లారేదాకా తల్లంట. రాత్రి పుస్తకంలో చూశాను."

"పావురాలకు కూడా డ్యూటీలా?"

"డ్యూటీలే."

"అంటే నేను తరిమింది..."

"తండ్రిని. తండ్రికి ఆజ్ఞ లేదు."

మా ఆయన ముందు నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "తండ్రిని తరిమితే పైన ఎవరికీ వినపడదంటావ్" అన్నాడు. యామిన్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు.

ఆ సాయంత్రమే మళ్ళీ పోయారు, ఈసారి తల్లి ఉంటుందని. గూట్లో ఎవరూ లేరు. గుడ్లు చల్లగా ఉన్నాయట. మనిషి చెయ్యి తగిలాక ఆ జంట మళ్ళీ అటు రాలేదు. మా ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. ఆజ్ఞ తప్పినందుకు అనుకున్నాను నేను.

తర్వాతి ఏడు మా ఇంటికే వచ్చింది గూడు. పెరటి గోడకు, కిటికీ పైన, గాలి కోసం వదిలిన కంతలో పావురాల జంట పుల్లలు చేర్చింది. యామిన్ సంబరపడిపోయాడు. మా గోడే కాబట్టి ముందు గూటిని సొంతం కాదని చెప్పెయ్యాలన్నాడు. మా ఆయన ముగ్గురు మనుషుల ఎదుట, "ఈ గూడు నాది కాదు, ఎవరిదీ కాదు" అని చెప్పాడు. పొద్దు వాలాక నిచ్చెన వేశారు. అడుగున నేను పట్టుకున్నాను, యామిన్ పుస్తకం పట్టుకున్నాడు.

మా ఆయన పైకెక్కాడు. కంతకూ ఆయన మొహానికీ జానెడు దూరం. చెయ్యి ఎత్తాడు. పావురం లేవలేదు. రెక్కలు కాస్త విప్పి గుడ్ల మీద ఇంకా దగ్గరగా అణిగి కూర్చుంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

"చరువు, చప్పట్లు చరువు" అన్నాడు యామిన్ కింద నుంచి. "లేకపోతే కొంచెం తొయ్యి. ఏం కాదు."

మా ఆయన కదల్లేదు. కాసేపటికి ఒక్కొక్క మెట్టూ దిగి వచ్చాడు.

"ఏమైంది?" అన్నాడు యామిన్.

"నా వల్ల కాదురా."

"పుణ్యం చేతిదాకా వచ్చాక కాదంటావేంట్రా! జాలి అని చెప్పకు. పిట్ట మీద జాలితో ఇచ్చిన ఆజ్ఞ అని ప్రార్థనలో ఎవడన్నా అంటే నోరు మూయించమన్నారు పెద్దలు. ఇది ఆజ్ఞ, అంతే."

"జాలి కాదు యామిన్." ఆయన నా వైపు చూడలేదు, యామిన్‌తోనే చెప్పాడు. "ఆసుపత్రి వరండాలో ఫ్రెహా ఇట్టాగే కూర్చుంది. పిల్లాణ్ణి ఒళ్ళోంచి ఇవ్వలేదు. నర్సులు అడిగారు, ఇవ్వలేదు. డాక్టరు అడిగాడు, ఇవ్వలేదు. ఇట్టాగే, ఇంకా దగ్గరికి లాక్కుంది. చివరికి నేనే దీని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసుకున్నాను. ఆ పని ఒకసారి చేశాన్రా. ఇంకోసారి చెయ్యలేను."

అన్ని సంవత్సరాల్లో ఆ వరండా మాట మా ఇద్దరి మధ్యా రాలేదు. నేను నిచ్చెన వదల్లేదు, ఆయన దిగిపోయాక కూడా.

"మరి నువ్వు మళ్ళీ రావాల్సొస్తది మఖ్లూఫ్" అన్నాడు యామిన్ మెల్లిగా. "పిల్లవాడు అక్కడ..."

"తెలుసు." నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. "వాడి దగ్గర వాళ్ళ తాతలున్నారు. కాస్త ఆలస్యం అవుద్ది, అంతే. వస్తాలే మళ్ళీ. సఫేదులో సున్నం వెయ్యని గోడలు ఇంకా చాలా ఉన్నాయి."

ఆ మాట తేలిగ్గానే అన్నాడు. కాని ఆ రాత్రి ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు, వీపు ఎగిరెగిరి పడింది. నేను ఆ వీపు మీద చెయ్యి వేసి పడుకున్నాను.

ఈ శీతాకాలం ఆయన పోయాడు. ఊపిరితిత్తుల్లో సున్నం పేరుకుందన్నారు. చివరి రోజు కూడా ఆయనకు తెలివి ఉంది. "తువాలు వెచ్చగా ఉందా?" అని అడిగాడు. స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టడానికి వచ్చినవాళ్ళు గోళ్ళలో సున్నం తియ్యబోతే ఉండనిమ్మన్నాను. వాళ్ళు వినలేదు, నియమం ప్రకారం శుభ్రం చేశారు.

మంచు కరిగాక అదే కంతలోకి పావురాలు వచ్చాయి. పస్కా పండుగ దగ్గర పడింది. ఇంట్లో పులిసిన పిండి నలుసు కూడా ఉండకూడదు కాబట్టి పరుపులు దులిపాను, అరలన్నీ కడిగాను, కుర్చీల కాళ్ళ సందులు కూడా పుల్లతో గీకాను. నేను బకెట్టు పారబోస్తుండగా మస్‌ఊదా వదినా యామినూ కలిసే వచ్చారు. ఇద్దరూ ముందే మాట్లాడుకుని వచ్చారని మొహాలు చూస్తేనే తెలిసింది.

"ఫ్రెహా, ఆడవాళ్ళు కూడా ఆ ఆజ్ఞ చెయ్యొచ్చంట" అంది వదిన. "వాడి పేరున నువ్వు చేస్తే వాడికే చెందుద్దంట. యామిన్ చూశాడు."

"చూశానమ్మా. పోయినవాళ్ళ పేరున ఇంటివాళ్ళు చేస్తే ఆ ఆత్మకు ఎక్కుద్ది. ఈ ఒక్కటీ తీరితే మఖ్లూఫ్ ఇక దొర్లాల్సిన పని లేదు. కొడుకు దగ్గరే ఉండిపోతాడు."

నేను బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను.

"అన్నా, ఆయన మళ్ళీ వస్తే నేనూ వస్తానా?"

యామిన్ గడ్డం నిమురుకున్నాడు. "ఆడవాళ్ళకు రావాల్సిన అవసరం లేదంటారమ్మా. మీకున్న లోటు అక్కడే కడిగేస్తారు. ఎప్పుడో ఎక్కడో, భర్త కోసం భార్యను తోడు పంపుతారని కూడా ఉంది. ఖాయంగా చెప్పలేం."

"ఎవరింట్లో పుడతాడో తెలుస్తదా?"

"తెలీదు."

"ఏ దేశంలో?"

"తెలీదమ్మా."

"అంటే నా తమ్ముడు ఎక్కడో ఎవరింట్లోనో మళ్ళీ జ్వరాలు పడాలి, పళ్ళు రావాలి, ఓడలెక్కాలి, సున్నం మొయ్యాలి." వదిన అడ్డం వచ్చింది. "వాడు పడింది చాలదా? నువ్వు ఒక్కసారి చెయ్యి విదిలిస్తే పోయేదానికి? నీకేం, నీకు ఆ పిట్ట ఎక్కువైందా నా తమ్ముడి కంటే?"

వదిన కసురుతూనే నా పక్కన నేల మీద కూలబడి, నా మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆమె జుట్టు నిమిరాను. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన తమ్ముడు. నేనూ అదే అడిగేదాన్ని, ఆ సాయంత్రం నిచ్చెన నా చేతుల్లో లేకపోయి ఉంటే.

పులిసిన పిండి వెతికే సాయంత్రం వచ్చింది. ఏటా ఆయన కొవ్వొత్తి పట్టుకుని ముందు నడిచేవాడు, నేను ఈకా కొయ్యగరిటా పట్టుకుని వెనక. ఈసారి రెండు చేతులతో మూడూ పట్టుకోవాల్సి వచ్చింది. నేను అడక్కుండానే యామిన్ నిచ్చెన తెచ్చి పెరటి గోడకు ఆనించాడు.

"ఒక్కసారి ఎక్కితే రెండు పనులమ్మా. తల్లిని లేపితే ఆజ్ఞ తీరుద్ది. ఆ కంతలో కూడా వెతకాలి. వీధిలో రొట్టెముక్కలన్నీ ఈ పావురాలే మోసుకొచ్చి గూట్లో వేస్తాయి. పండగ పూట అది ఇంట్లో ఉండకూడదు."

వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఇల్లంతా వెతికాను. పొయ్యి వెనక, మంచం కింద, ఆయన సున్నం బకెట్లు పెట్టే మూల. పెట్టె అడుగున ఒక ఎండిన రొట్టెపొడి దొరికితే ఈకతో గరిటెలోకి తోశాను. తర్వాత పెరట్లోకి వచ్చాను. కొవ్వొత్తి పైకెత్తితే కంతలో నిండుగా, బూడిదరంగుగా అణిగి కూర్చున్న వీపు కనిపించింది. దాని కన్ను నా వైపే ఉంది. పుల్లల మధ్య తెల్లగా ఏదో ఉంది, రొట్టె ముక్కే అయి ఉంటుంది.

"ఎక్కమ్మా, నేను పట్టుకుంటాను" అన్నాడు యామిన్.

"ఆయన దిగి వచ్చాడు అన్నా. తెలిసే దిగి వచ్చాడు. అది నేను తిరగరాయలేను."

"మరి వాడి ఆత్మ?"

"వస్తానన్నాడుగా. రానీ."

వదిన తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. యామిన్ నిచ్చెన భుజానికెత్తుకుని, తల ఊపి, వీధిలోకి నడిచాడు.

వెతకడం అయ్యాక చెప్పే మాట ఒకటుంది, నేను చూడని పులిసిన పిండి ఏదైనా ఉంటే అది నాది కాదు, నేల మీది మట్టితో సమానం అని. చూడనిదానికే ఆ మాట. నేను చూశాను. అయినా కంత కింద నిలబడి ఆ మాట చెప్పాను. కొవ్వొత్తి ఊదేసి, ఆ కంత వెతకకుండానే లోపలికి వచ్చేశాను.